ఫ్రీజర్లో మంచు

అయ్యో, లోపలికి రాకండి భానుమతి ఆంటీ! ఆ గ్రిల్లు అవతలే ఉండండి. చారు గిన్నె అక్కడే కింద పెట్టెయ్యండి, తర్వాత తీసుకుంటాను. ఏం లేదండీ... మా అనన్యకి కాస్త ఒళ్ళు వెచ్చబడింది. అంతే. మీరలా మొహం పెట్టకండి.

సార్స్ లేదు, గీర్స్ లేదు. ఐసు వల్లే. చెబుతున్నానుగా!

ఆ అంటురోగమని బళ్ళు మూసేశారా, పిల్లని కిందికి పంపాలంటే భయం. లిఫ్టులో ఎవరైనా దగ్గితే మిగతావాళ్ళు దిగిపోతున్నారు. ఇంట్లో కూర్చోబెట్టి ఎన్ని కథలని చెప్పను? మా లంబసింగి కబుర్లు ఎత్తుకున్నా. చలికాలం పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునేది, ఉప్పు చల్లినట్టు. గీకి తెచ్చి ఒకళ్ళ వీపు మీద ఒకళ్ళం పోసుకునేవాళ్ళం. చేతులు కొంకర్లు పోతే ఎండ పడ్డ బండ మీదికి ఒకటే పరుగు! మా అమ్మ చీపురు పట్టుకుని వెంటపడేది. ఒక్కనాడైనా తుమ్మి ఎరుగుదుమా?

"మమ్మీ, మనకీ స్నో ఉంది లా!" అని, ఈ దేశం పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలించి, ఫ్రీజరు తెరిచిందండీ. లోపల పట్టిన ఐసంతా గరిటెతో గీకి, గిన్నెలో పట్టుకెళ్ళి కారిడార్లో ఎండలో కూర్చుంది. మొహానికి పూసుకుంది, తింది. నేను గుమ్మంలో నించుని నవ్వానే గానీ వద్దనలేదు. అది నిన్న. ఇవాళ జ్వరం. ఐసు వల్ల కాకపోతే మరి దేనివల్ల, మీరే చెప్పండి?

ఎందుకలా చూస్తారు? మావారు ఆ రోగం పాకిన హాంకాంగ్‌లో ప్రాజెక్టు చేసి వచ్చారనేగా? వచ్చారు. కానీ ఆఫీసువాళ్ళు ఇంటికి వెళ్ళొద్దని ఊరి అవతల పుంగ్గోల్‌లో వేరే ఫ్లాటులో ఉంచారు కదా. ఈ గడపే తొక్కలేదు.

అలా అనే అందరికీ చెప్పాను.

ఉగాదినాడు వచ్చారాంటీ. నేనే రమ్మన్నా. ఏడాది మొదటిరోజు మీరు లేకుండా పచ్చడి నోట్లో ఎలా పెట్టుకుంటాం, ఒక్క గంట వచ్చి పొండి, అని ఫోన్లో ఏడ్చాను. వచ్చారు. తను తిన్న స్పూనుతోనే పిల్లకి పెట్టారు, నాకూ పెట్టారు. చేదు ఎవరికి వచ్చిందని ముగ్గురం ఎంత నవ్వుకున్నామో! నిన్న ఫోన్లో దగ్గుతున్నారు. ఏసీ పడలేదట.

అంబులెన్సుకి చెప్పమంటారా? అమ్మో! దాన్ని ఒక్కదాన్నే తీసుకుపోతారటండీ. తల్లిని దగ్గరికి కూడా రానివ్వరట. ఏడేళ్ళది, లైటు తీస్తే నా కొంగు వదలదు. మూతులకి గుడ్డలు కట్టుకున్నవాళ్ళ మధ్య ఎలా ఉంటుంది? ఏమైనా అయితే? నేను రమ్మన్నందుకు...

ఆంటీ, ఇంకో రెండడుగులు వెనక్కి వెళ్ళండి. నాక్కూడా పొద్దున్నుంచి ఒళ్ళు కాలిపోతోంది. నేను ఐసు ముట్టనైనా ముట్టలేదు.

అంబులెన్సుకి ఫోను మీరే చెయ్యండి. ఇద్దరికని చెప్పండి.

పోనీలెండి... ఇక దాన్ని ఒక్కదాన్నే తీసుకుపోరుగా?