బయటికి కాదు, లోపలికి

బాపట్లలో, రిటైరైన ఫిజిక్సు మాస్టారు సుందరయ్య గారి వరండా. ఆయన పాత శిష్యురాలు ప్రమీలారాణి తెనాలిలో ఒక కాలేజీ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చింది.

“అయితే ఉద్యోగం రాలేదంటావు.”

“రాదు మాస్టారూ. వాళ్ళు ఇద్దామనే కూర్చున్నారు. నేనే ఇవ్వనివ్వలేదు.”

“ఏం చేశావేంటి?”

“ప్రిన్సిపాల్ గారు నా రీసెర్చి పేపర్ని పావుగంట పొగిడారండి. నేను పరిశోధించిన గెలాక్సీలో నక్షత్రాలు విపరీతంగా పుడుతున్నాయని, వాటిలో పెద్దవి పేలుతుంటే ఆ తోపుకి గ్యాసంతా బయటికి కొట్టుకుపోతోందని, అది కనిపెట్టింది మన రేపల్లె అమ్మాయేనని. తల ఊపుతూ కూర్చుంటే సరిపోయేది. ఆ పేపరు తప్పండి అని చెప్పేశాను.”

“తప్పేంటి? గ్యాసు బయటికి పోదా?”

“అలాంటి గెలాక్సీలు చాలావాటిలో పోతుందండి. నా ఖర్మకొద్దీ నేను పట్టుకున్నదాంట్లో లోపలికి పడుతోంది.”

“లోపలికా.”

“లోపలికే. గెలాక్సీకి మన వైపున్న గ్యాసు మన దగ్గరికొస్తుంటే, దాన్ని వదిలి బయటికొస్తున్నట్టు. మనకి దూరంగా జరుగుతుంటే లోపలికి పడుతున్నట్టు. నా ప్రోగ్రాంలో ఒకచోట మైనస్ ఉండాల్సింది ప్లస్ పెట్టాను. ఆరేళ్ళు, మాస్టారూ. ఆరేళ్ళు ఊరూరా తిరిగి పోతోంది, పోతోంది అని ఉపన్యాసాలిచ్చాను. అదేమో వస్తోంది పాపం.”

“ఎవరు పట్టుకున్నారు?”

“నేనేనండి. పోయిన నెల్లో, వేరే పని చూసుకుంటుంటే.”

“అంటే ఇంకెవరూ చూడలేదు.”

“లేదండి. మా గైడు గారూ అదే అన్నారు. ఊరుకో, నాలుగేళ్ళు పోతే ఆ పేపర్ని జనమే మర్చిపోతారన్నారు. మూడు రోజులు ఊరుకున్నాను కూడా. అన్నం సయించలేదు. నాలుగోరోజు ఆ పేపరు అచ్చేసిన సైన్సు పత్రికకి ఉత్తరం రాసేశాను, పేపరు వెనక్కి తీసుకుంటున్నానని.”

“ఎవరూ చూడకపోయినా.”

“ఇందాకట్నుంచీ అదే అంటారేంటండీ. తిట్టాలనుంటే తిట్టండి. అక్కడ మా నాన్న పూతరేకులు తెచ్చిపెట్టుకుని నా కోసం చూస్తున్నాడు. ఆయనకి మొహం చూపించలేకే, రేపల్లె వెళ్ళాల్సినదాన్ని బాపట్ల రైలెక్కాను. ఇంత చదువూ చదివి రైలు కూడా తప్పు దిక్కుకే.”

“తిట్టడానికి కాదులే. రాసేటప్పుడు చెయ్యి ఆడిందా?”

“రాసేటప్పుడు ఆడింది. పంపించాక నిద్రపట్టింది. ఎందుకండీ?”

“ఏం లేదు. కాఫీ చల్లారిపోతోంది, తాగు.”

“మాస్టారూ.”

“ఇంటర్ పిల్లలకి నేను రాసిన ప్రశ్నల పుస్తకం ఉంది కదా, ఏటా అచ్చవుతోంది. అందులో ఒక లెక్క తప్పమ్మా. పదకొండేళ్ళుగా నాకు తెలుసు, ఎవరూ చూడలేదు. ఆ కుర్చీ ఇలా జరుపుకుని కూర్చో. నీ ఉత్తరంలో మొదటి వాక్యం ఏమని రాశావో చెప్పు.”