మచ్చలేని తీగ

అక్క సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తలేదు. మెచ్చుకుంటుందేమోనని తమ్ముడు పక్కనే నిలబడ్డాడు.

"ఈ తీగలో లోపాలన్నీ ఏమయ్యాయిరా?"

"కొలిమిలో పెట్టి పోగొట్టానక్కా. ఇప్పుడు అద్దంలా లేదూ?"

"ఎవడు పోగొట్టమన్నాడు నిన్ను? అవి నేను కావాలని పెట్టించినవి."

"లోపాలు కావాలని పెట్టుకుంటారా ఎవరైనా?"

"ఇందులో ఎలక్ట్రాన్లు జంటలు కట్టి అడ్డులేకుండా పరిగెత్తాలి. సందు దొరికితే చాలు, చారలు చారలుగా బారులు తీరి కదలకుండా కూర్చుంటాయి. ఆ బారుల్ని చెదరగొట్టేవి లోపాలే."

"మరిప్పుడు?"

"చెదరగొట్టే దిక్కు లేదు. కరెంటు పెంచితే తీగ వేడెక్కుతుంది. దాన్ని చల్లగా ఉంచడానికి చుట్టూ పోసిన ద్రవ నైట్రోజన్ ఒక్కసారిగా ఆవిరై గదంతా నిండితే మనిషికి ఊపిరాడదు. మిగతా తీగ ఏదీ? ఇలా పట్రా."

తమ్ముడు కిందికి దిగే మెట్లవైపు చూశాడు.

"నిన్నేరా!"

"బావ తీసుకెళ్లాడక్కా. కింద గదిలో తలుపేసుకుని దానికి కరెంటు పెంచి చూస్తున్నాడు."

అక్క చటుక్కున లేచింది. "ఫోన్ చెయ్ ముందు!"

"చేస్తూనే ఉన్నా. మోగుతోంది, ఎత్తట్లేదు."

నేల కిందనుంచి ఆ ఫోన్ మోత ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది. దాని వెనకాల, బుస్సుమంటూ ఇంకో చప్పుడు.