గడప బయట చెప్పులు

“జేజీ, రేపట్నుంచి నాకు టీచింగ్ ప్రాక్టీసు. బడికి పోతానే మొదలు గడప బయట చెప్పులు చూడమన్నాడు మా రామసుబ్బయ్య సారు. అదేందీ?”

ఎవరూ, రామసుబ్బయ్యనా? ఆయప్పే చెప్పినాడా? ఉండమ్మీ, రోంత నవ్వుకోనీ. చెప్తా, కూర్చో. ఆ చెప్పులు చూపించింది నేనే.

నేను బడి నుంచి రిటైరయినాంక మీ నంద్యాల కాలేజీ వాళ్లే పిలిచినారు. టీచర్లను తయారుచేసే లెక్చరర్లు ఉండారు కదా, వాళ్లకే పాఠం చెప్పమని. వలసొచ్చిన పిల్లోళ్ల గురించి చెప్తా అంటి. కొలిమిగుండ్ల దిక్కు పనులకు ఒడిశా నుంచి వస్తాండారు, నేపాల్ నుంచి వచ్చి నూడుల్స్ బండ్లు పెట్టుకుంటాండారు. వాళ్ల పిల్లోళ్లు మన బళ్లలోకే కదా వచ్చేది. వాళ్లకు ఎట్ల చెప్పల్లో మన కోర్సులో యాడుందప్పా, చూపించండి అంటి. రామసుబ్బయ్య లేచినాడు. సిలబస్‌లో లేదు మేడం, పరీక్షలో రాదు, చెప్పి ఏం లాభం అనె. మనిషి మంచోడేలే. మీ తాత మాదిరే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

నాకూ మండింది. ఒక్క పూట నాతో ఆళ్లగడ్డకు రాప్పా, అయిదో తరగతికి నువ్వే పాఠం చెప్పు, ఆ తర్వాత గూడా ఇది వద్దంటే నేను మళ్లీ ఈ మాటెత్తను అంటి. అందరి ముందర అనేస్తిని, ఇంక యెనక్కి తీసుకునేదానికి లేదు.

ఆళ్లగడ్డే యాలంటే, ఆడ మా చెల్లెలి ఇంటి పక్కన నేపాలోళ్లు ఉండారు, నూడుల్స్ బండి వాళ్లు. వాళ్ల పాప పబిత్ర. వాళ్ల దేశంలో నాలుగో తరగతి దాకా చదివింది, లెక్కలు బాగా చేస్తాది. ఈడ అయిదులో చేర్చుకున్నారు గానీ, తెలుగు రాదని వచ్చే సోమవారం నుంచి ఒకటో తరగతిలో కూర్చోబెడతామన్నారంట బళ్లో. అంత పిల్లను పసిపిల్లోళ్ల మధ్యలో. వాళ్లమ్మ ఒకటే ఏడుపు.

బస్సులో పోతిమి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆళ్లగడ్డకు పోయొచ్చి, కడుపునిండా టిఫిను తిన్నా అయిదు రూపాయలు కాకపోతాండె. ఆ దుడ్లకు గూడా మీ తాత లెక్కడుగుతాండె. యాడున్నా నేను? ఆ, బడి.

హెడ్మాస్టరు ఎదురొచ్చి టీ, బిస్కెట్లు ఇప్పించె. రామసుబ్బయ్య చార్టు తగిలించి పాఠం మొదలుపెట్టె. ఏమడిగినా పిల్లోళ్లు టకటకా చెప్తాండారు. ఆయప్ప నా దిక్కు చూసి మీసం దువ్వుకుంటాండాడు. నేను గడప కాడ్నే నిలబడిపోతిని. బయట చెప్పులు చూస్తే ఎక్కువుండాయి, లోపల పిల్లోళ్లు తక్కువుండారు. ఇది మన బళ్లలో పాత అలవాటే, నీకూ తెలిసొస్తాదిలే. ఎవరన్నా చూసేదానికి వస్తాండారంటే, చెప్పలేని పిల్లోళ్లను యెనక వాకిట్లోంచి వంట కాడికి తోలేస్తారు. ఆ తొందర్లో చెప్పులు ముందరే ఉండిపోతాయి.

“రామసుబ్బయ్యా, ఈ చెప్పులేసుకొచ్చిన పిల్లోళ్లు యాడ?” అంటి.

హెడ్మాస్టరు గబగబా వంట కాడికి మనిషిని తోలి పిలిపించినాడు. బియ్యంలో రాళ్లు ఏరతాండారంట. అందరికంటే యెనక వచ్చి కూర్చునింది పబిత్ర. రామసుబ్బయ్య బోర్డు మీది లెక్క అడిగితే తల వంచుకునింది. మాట్లాడదు సార్, ఎంత చెప్పినా అంతే, అనె హెడ్మాస్టరు. ఇంక పందెం పాయె, పాప పాయె అనుకుంటి.

అంతలో పక్కనున్న పాప, షబానా అని, పరుపులు కుట్టే ఆయప్ప కూతురు, చెయ్యి అడ్డం పెట్టుకోని పబిత్ర చెవిలో తురకంలో ఏందో చెప్పింది. “ఏయ్, క్లాసులో తెలుగే మాట్లాడల్ల” అని హెడ్మాస్టరు కసిరె. “చెప్పనీప్పా” అంటి. పబిత్రకు వాళ్ల నాయనతో నాలుగూర్లు తిరిగి కొంచెం హిందీ వస్తాది చూడు, తురకం గూడా అదే మాదిరి కదా, షబానా మాట పట్టుకునింది. లేచి, రామసుబ్బయ్య చేతిలో సుద్దముక్క తీసుకోని, లెక్క చేసి పెట్టింది. ఆయప్ప ఇంకోటి ఇచ్చినాడు, ఇంకా కష్టమైంది ఇచ్చినాడు. ఆ పాప హిందీలో చెప్తాది, షబానా తెలుగులో అరుస్తాది, క్లాసంతా చప్పట్లు. గంట కొట్టినా ఆయప్ప ఆపలేదు.

గెలిచినామమ్మీ. ఆ పొద్దు నాకైన సంతోషం నా పెండ్లప్పుడు గూడా కాలేదు. ఈ పాపను ఒకటో తరగతికి పంపిస్తే నేను ఊరుకోనని హెడ్మాస్టరుతో చెప్పింది గూడా రామసుబ్బయ్యే. బస్సులో నంద్యాలకు తిరిగొస్తిమి. దిగేటప్పుడు, “షబానా రోజూ ఆ పాప పక్కనే ఉండె కదా మేడం, మనమే నోరు మూయిస్తిమి” అనె. అంతే. సిలబస్ మారేదాకా ఆగకుండా తన క్లాసులో చెప్పేదానికి పట్టుకున్నాడు. చూడు, ఇప్పుడు నాకే వచ్చి చేరింది.

పబిత్ర ఇప్పుడు హైస్కూలు. మొన్న వాళ్ల బండి కాడికి పోతే, “బేగా తిను జేజీ, చల్లారిపోతాండాయి” అని నన్నే గదమాయించె.

సరే పో, పొద్దున్నే లేవల్ల నువ్వు. నీ క్లాసు ఎప్పుడూ నిండుగా ఉండల్ల తల్లీ, గడప బయట ఎన్ని జతలుంటే లోపల అంతమంది ఉండల్ల. ఇంకోటి, ఆ సారు చెప్పినాడో లేదో... చెప్పుల్లేకుండా వచ్చేటోళ్లు గూడా ఉంటారు. వాళ్లను నువ్వే ఎతుక్కోవల్ల.