ఫోటోలో నడిచే మగ్గం

మూతపడ్డ మిల్లు గేటుకి ఎదురుగా టీ బడ్డీ, బెంచీల నిండా మిల్లు పనివాళ్లం మేమే. మధ్యలో మగ్గాల మేస్త్రీ, అతని చేతిలో ఒక ఆహ్వానపు కార్డు. రేపు ఊరి హాల్లో మా మిల్లు ఫోటోల ప్రదర్శన. నెలల తరబడి మాకు మొహం చాటేసిన యజమాని వేదిక మీద కూర్చుంటాడు. పెద్ద ఫోటోలో ఉన్న మనిషి వచ్చి రెండు ముక్కలు మాట్లాడాలని కార్డులో రాశారు. పేరు మాత్రం రాయలేదు. గేటు ఎప్పుడు తెరుస్తారని అందరి ముందూ అడిగే అవకాశం ఆ ఒక్కరికే. ఆ ఒక్కడూ తానేనంటాడు మేస్త్రీ.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అని మొదలుపెట్టాడు. "ఆ ఫోటోల ఆయన వచ్చాడు, అంతరించిపోతున్న పనుల మీద పుస్తకం వేస్తాడట, షెడ్డంతా కలయజూసి, ఇంతమందిని వదిలేసి నా దగ్గరికే ఎందుకొచ్చాడో ఆయన్నే అడగండి, మగ్గం పక్కన కాస్త నిలబడండి మేస్త్రీగారూ అన్నాడు. నిలబడ్డాను. కదలొద్దన్నాడు. కదల్లేదు."

"అంతేనా?" అన్నాడు బడ్డీ బాబాయి.

"అంతే. కన్ను కూడా ఆర్పలేదనుకో. ఆయన మూడుకాళ్ల స్టాండు వేసి, అద్దం తుడుచుకుని, బయటికెళ్లి భోంచేసి, ఓ కునుకు తీసి వచ్చాడు. నేనలాగే ఉన్నా. రెప్ప మీద దూది వాలితే ఊదలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను చూసి, దారంతో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగిపోయింది."

"కరెంటు పోయుంటుంది," అన్నాడు మాలో ఓ కుర్రాడు.

"కరెంటు పోతే నాడె మగ్గంలో ఉండాలి కదరా! ఇది గాల్లో ఆగింది. దాన్ని చూసి పక్క మగ్గం, దాని పక్కది, వరసంతా ఆగింది. ఎగిరే దూది కూడా ఎక్కడిదక్కడే నిలబడింది. యజమాని సమ్మె అనుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. నోరు కదపకుండానే చెప్పా, సమ్మె కాదండీ, ఫోటో అని."

"నోరు కదపకుండా ఎలా చెప్పావయ్యా?"

"ఆ మగ్గాల మోతలో మనం ఏనాడైనా నోటితో మాట్లాడుకున్నామా? కనుబొమలు లేవూ? విను మరి. ఆ ఫోటోని గోడంత చేసి సముద్రం అవతల ఏదో మ్యూజియంలో పెట్టారు. మర్నాడు పొద్దున తలుపు తీస్తే ఏముంది? ఫోటో కింద గుడ్డ! తానులకు తానులు! ఇక్కడ మిల్లు మూశారు, ఫోటోలో మాత్రం మగ్గం నడుస్తూనే ఉంది, గేటు బార్లా తెరిచే ఉంది. ఆ ఊరి పిల్లల చొక్కాలు, కిటికీల తెరలు, పడవల తెరచాపలు, అన్నీ నేను నేసినవే."

"మరి యజమాని ఊరుకున్నాడా?"

"ఎలా ఊరుకుంటాడు, వాడి జాతే అంత! విమానమెక్కి వెళ్లి, మగ్గం నాది, గుడ్డ నాది, ఇంకో షిఫ్టు కూడా వెయ్యమని ఫోటోలో ఉన్న నామీద అరిచాడు. శ్రమ మాదీ, సంపద నీదీనా? ఫోటోలో ఉన్న నేను అక్కడే చతికిలబడ్డా. సమ్మె! మ్యూజియం వాళ్లు లబోదిబోమంటూ ఫోను, సార్, మీ ఫోటో లేవడం లేదు, కాస్త చెప్పండి అని. అక్కడ నేను లేవాలంటే ఇక్కడ గేటు తెరవాలన్నాను!"

చప్పట్లు మోగాయి. నూలు కండెలు చుట్టే అక్క మాత్రం కొట్టలేదు. మేస్త్రీకి ఆవిడ అన్నభార్య.

"మరిదీ, ఆ రోజు ఏ చొక్కా వేసుకొచ్చావ్?"

"చొక్కాదేముంది వదినా..."

"నేను చెప్తా. ఫోటో అనగానే మీరంతా తలంటుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మగ్గాలు మీరే ఆపి, నలుసు లేకుండా ఊడ్చిపెట్టారు. ఆయనొచ్చి, పెళ్లిచూపులకి వచ్చినట్టున్నారు, చొక్కా విప్పి నెత్తిన కాస్త దూది చల్లుకోమన్నాడు. నేనేం దిష్టిబొమ్మనా అన్నావు నువ్వు. బాగా అన్నావు, ఆ ముక్క నిజంగానే అన్నావు. మరి ఫోటో సంగతి నాకెవరైనా చెప్పి చచ్చారా? పక్క షెడ్డులో నెత్తినిండా దూది పొట్టుతో కండెలు చుట్టుకుంటున్నా. ఆయన నన్ను తీశాడు. వెలుతురు చాలక, నా మీద వెలుగు పడేలా నీ చేత తెల్లగుడ్డ పట్టించాడు. నిన్న హాల్లో ఆ పెద్ద ఫోటోని గోడకి తగిలిస్తుంటే చూసొచ్చా, అందులో ఉన్నది నేను. మూలన నీ బొటనవేలుంది."

బెంచీలు ఊగేలా నవ్వాం. మేస్త్రీ టీ గ్లాసుని కార్డు మీదే పెట్టేశాడు.

"అయితే ఆ వెలుగు ఎవరిదంట?" అన్నాడు.

"నీదే, ఎవరు కాదన్నారు? కార్డు ఇటివ్వు."

"నీకు మాట్లాడటం వచ్చా వదినా? నేనైతే వాణ్ని ఉతికి ఆరేస్తా."

"నువ్వెళ్తే ఫోటోలో గేటే తెరుచుకుంటుంది మరిదీ." ఆవిడ రోడ్డు అవతలికి చూసింది. "నాకు ఈ గేటు కావాలి."

మేస్త్రీ కార్డుకి అంటిన టీ మరకని చొక్కా అంచుతో తుడిచి, ఆవిడ చేతిలో పెట్టాడు.