తప్పు ఎవరిదో తేలాక

ఆఫీసులో అందరూ భోజనాలకు వెళ్ళారు. ఒకే తెర ముందు ఆమె, అతను మిగిలారు.

“దొరికిందక్కా! తప్పులు వెతికిపెట్టే మన డీబగ్గర్, ప్రోగ్రాంని ఆపమన్న చోట ఆపకపోవడం కోడ్‌లో నువ్వు చేసిన మార్పు వల్ల కాదు. ఆ లోపం అంతకుముందు వెర్షన్‌లోనే ఉంది.”

“ఇంటెల్ ప్రాసెసర్ మీద బాగానే ఆపుతోందిగా?”

“ఆర్మ్ ప్రాసెసర్ మీదే చెడింది. దానిమీద ఎవరూ టెస్ట్ చెయ్యలేదు.”

“ఎవరి మార్పురా?”

“బాస్‌ది.”

“హమ్మయ్య అనాలి. అనే ఓపిక కూడా లేదు.”

“ఇన్నాళ్ళూ అందరూ నిన్నేగా అనుమానించారు! ఇప్పుడు నీది కాదని చెప్పొద్దూ?”

“నాదేనని ఎవరూ పైకి అనలేదు. ఇక కాదని ఎవరు చెప్తారు?”

“నేను చెప్తా. మీటింగ్‌లో, బాస్ ఎదురుగానే.”

ఆమె కళ్ళు నులుముకుంది.

“చెప్పు నాయనా. నేను మాత్రం ఇంటికెళ్ళి పడుకుంటా.”