బంగారు హెల్మెట్ బాధ్యులు ఇల్పో రౌతమాకి గారు

ఆ శనివారం నాడు బంగారు హెల్మెట్ సాంతెరి కనెర్వ తల మీద ఉండవలసింది. లేదు. ఉంచగలిగిన మనిషి ఉంచలేదు. ఇందులో వాదించడానికేమీ లేదు. ఆ మనిషి పదవీ విరమణ సంచికకు అభినందన వ్యాసం రాయమని సాంతెరి తండ్రి తైస్తోనే క్లబ్బు వారు అడిగారు. హాలులో ఐస్ పని చూస్తూ ఆయన పక్కన ఇన్నేళ్లు గడిపినవాడు మరొకడు మిగల్లేదు కనుక తైస్తో ఒప్పుకున్నాడు. ఇటువంటి వ్యాసంలో ‘నేను’ అనే మాట రాకూడదని ఊరి బడిలో నేర్పారు. అందుచేత ఇందులో తైస్తో కూడా తైస్తోగానే ఉంటాడు.

1987 ఆగస్టు 3వ తేదీన శ్రీ ఇల్పో రౌతమాకి గారు కోర్పిసాల్మి ఐస్ హాకీ క్లబ్బులో సామగ్రి బాధ్యులుగా చేరారు. అంతకుముందు వారు కాగితపు మిల్లులో యంత్రాల తోలు బెల్టులు కుట్టేవారు. మన జట్టు అప్పుడు రెండో అంచె లీగ్‌లో ఆడుతోంది. ఆటగాళ్ల చేతి తొడుగులు ఆరబెట్టడానికి సరైన గది లేక హాలు బాయిలర్ మీద పరిచేవారు. చేరిన వారంలోనే ఇల్పో గారు బాయిలర్ పక్కన చెక్క దండేలు కట్టారు. కుట్టు సూది, స్కేట్లకు పదును పెట్టే సానయంత్రం, కాఫీ కెటిల్ ఈ మూడూ ఒకే బల్ల మీద పెట్టుకున్నారు. ఆ బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరూ కదపలేదు, కదపనివ్వలేదు.

1992 వసంతంలో మన జట్టు దేశపు అగ్ర లీగ్‌లోకి ఎక్కింది. పెద్ద పట్టణాల జట్లు బస్సులు దిగి మన హాలును చూసి నవ్వుకున్న రోజులు అవి. అడవికీ సరస్సుకూ మధ్య ఇరుకున పడి ఉన్న ఊరు, దానికొక లీగ్ జట్టు. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. వచ్చిన ప్రతి జట్టుకూ ఆటగాళ్ల గది వెచ్చగా, నేల పొడిగా, వేడి కాఫీ సిద్ధంగా ఉండేది. మన జట్టు వాళ్లను ఓడించినా, వాళ్ల చేతిలో ఓడినా ఆ ఏర్పాటులో తేడా రాలేదు. ఈ లీగ్‌లో సామగ్రి చూసేవారందరి మధ్యా రాతలో లేని ఒప్పందం ఒకటుంది: అవతలి జట్టుకు అవసరం వస్తే తలుపు మూయకూడదు. ఆ ఒప్పందానికి మన ఊరి తరఫున నిలబడినవారు ఇల్పో గారు.

ఒక జనవరిలో తుఫాను వచ్చి అవతలి జట్టు సామాన్ల లారీ రోడ్డు పక్క మంచులో కూరుకుపోయింది. ఆటగాళ్లు వచ్చారు, సామాన్లు రాలేదు. ఇల్పో గారు మన అరలు తెరిచి మేజోళ్లు, మోకాళ్ల కవచాలు, చివరికి స్కేట్లు కూడా కొలతలు చూసి ఇచ్చారు. ఆ రాత్రి వాళ్లు మనల్ని మన మేజోళ్లతోనే ఓడించారు. స్టాండులోంచి ఎవరో అరిచారు: “ఇల్పో, అన్నీ ఇచ్చావు, రెండు గోల్స్ కూడా ఇచ్చెయ్యవయ్యా!” ఇల్పో గారు తల తిప్పకుండానే, “అవి వాళ్లే తీసుకున్నార్లే,” అన్నారు. మేజోళ్లు ఉతికి, ఇస్త్రీ చేసి, పైన చాక్లెట్ డబ్బా పెట్టి వాళ్లు తిరిగి పంపారు. ఉన్నిని ఇస్త్రీ చేసినందుకు ఇల్పో గారు వారం రోజులు తిట్టుకున్నారు.

ఇక హెల్మెట్ సంగతి. ఈ సంచిక ఆట తెలియని ఇంటి వాళ్లు కూడా చదువుతారు గనుక చెప్పవలసి వస్తోంది. మన లీగ్‌లో ప్రతి జట్టులోనూ ఎక్కువ పాయింట్లున్నవాడు బంగారు రంగు హెల్మెట్ పెట్టుకుని ఆడతాడు. గోలు చేస్తే ఒక పాయింటు, గోలుకు పక్, అంటే ఆట బిళ్ల, అందిస్తే ఒక పాయింటు. పాయింట్లు మారితే హెల్మెట్ కూడా తల మారుతుంది. మన జట్టులో ఆ మార్పు ఇల్పో గారి చేతి మీదుగా జరిగేది. ఆటగాళ్లు రాకముందే వారు ఒకరి కొక్కెం నుంచి తీసి మరొకరి కొక్కేనికి తగిలించేవారు. నలుగురి ముందు ఎవరి నెత్తి నుంచీ ఏనాడూ తీయలేదు.

2012 ఫిబ్రవరిలో తైస్తో భార్య సిర్కా ఆసుపత్రిలో ఉంది. హాలు కింది అంతస్తులో కాఫీ, ఏలకుల బన్నులు అమ్మిన సిర్కా ఈ సంచిక చదివేవారందరికీ తెలుసు. జబ్బు ముందు ఆమె కళ్లను తీసుకుంది. మంచం పక్కన టీవీలో ఆట వస్తే ఆమెకు తెల్లటి వెలుగు, అందులో కదిలే నల్లటి మరకలు కనిపించేవి. ఒక్క బంగారు రంగు మాత్రం తెలిసేది.

“కిమ్మో ఒక్కడే కనిపిస్తున్నాడు నాకు,” అని నవ్వేది. “కన్నది వీణ్ణి, చూసేది వాణ్ణి.”

కిమ్మో మన జట్టు నాయకుడు. ఆ ఏడు హెల్మెట్ అతనిది. సాంతెరి ఒక పాయింటు వెనక ఉండి, తర్వాత సమానమై, ఒక మంగళవారం పరాయి ఊళ్లో జరిగిన ఆటలో ముందుకొచ్చాడు. కిమ్మో దూరం నుంచి కొట్టిన పక్, గోలు ముందు నిలబడిన సాంతెరి కర్రకు తగిలి దారి మళ్లి లోపలికి పోయిందని గోలు సాంతెరి పేర రాశారు. బుధవారం ఉదయం హెల్మెట్ సాంతెరి కొక్కేనికి వేలాడుతోంది. శనివారం సొంత హాలులో ఆట, టీవీలో వస్తుంది. ఆ మాట తైస్తో చెప్పగానే సిర్కా నర్సును పిలిచి శనివారం సాయంత్రం తనకు మందులు ముందే ఇచ్చెయ్యమంది, ఆట మధ్యలో నిద్ర పట్టకుండా.

గురువారం ఉదయం సాంతెరి సానగదికి వచ్చాడు. ఇల్పో గారు స్కేటుకు సాన పడుతున్నారు.

“బాబాయ్, అది నాకు తగల్లేదు.”

“ఏది?”

“మంగళవారం పక్. నా కర్రకి తగల్లేదు. కిమ్మో కొట్టింది కొట్టినట్టు పోయింది.”

ఇల్పో గారు యంత్రం ఆపారు.

“మీ అమ్మ సంగతి తెలుసుగా?”

“తెలుసు కాబట్టే నిన్నంతా నోరు మూసుకున్నా.”

“ఇంకో రెండు రోజులు మూసుకోలేవా?”

“నువ్వు మూసుకోమంటే మూసుకుంటా.”

అప్పుడు ఇల్పో గారు మూసుకోమని అనవచ్చు. అనలేదు. “పైన స్కోరర్ల గది తెరిచే ఉంది,” అన్నారు. “వెళ్లేదైతే ఇప్పుడే వెళ్లు. కాఫీ తాగి వెళ్దామనుకుంటే వెళ్లవు.”

కుర్రాడు వెళ్లాడు. లీగ్ వాళ్లు వీడియో మళ్లీ చూసి సాయంత్రానికి గోలును కిమ్మో పేరు మీదికి మార్చారు. అందించినందుకు కిమ్మోకు ముందే ఒక పాయింటు ఉంది కనుక ఇద్దరి పాయింట్లూ సమానమయ్యాయి. సమానమైతే గోల్స్ ఎక్కువ చేసినవాడిదే హెల్మెట్; అవి కిమ్మోవే ఎక్కువ. శుక్రవారం ఉదయం అది మళ్లీ కిమ్మో కొక్కేనికి వేలాడుతోంది.

తైస్తో ఐస్ నునుపు చేసే బండిని మధ్యలో ఆపి సానగదికి వచ్చాడు. అప్పటికే క్లబ్బు అధ్యక్షుడు లిండ్రూస్, కిమ్మో అక్కడ ఉన్నారు. లిండ్రూస్ మంచి మనిషి. ఆయన కోరింది కూడా మంచి మాటే.

“ఒక్క ఆటకి కుర్రాడికివ్వు, ఇల్పో. లీగ్ వాళ్లతో నేను మాట్లాడతా. వాళ్లూ మనుషులే.”

“నాకొద్దు బాబూ ఆ డబ్బా,” అన్నాడు కిమ్మో. “అది పెట్టుకుంటే ప్రతివాడూ నన్నే గుద్దుతాడు. రేపటికి వాడి నెత్తిన పెట్టు, వాణ్ణే గుద్దుతారు.”

ఇల్పో గారు తైస్తో వైపు చూశారు.

“నీకేం పోయిందయ్యా?” అన్నాడు తైస్తో. “నీదేం పోయింది?”

“నాదేం పోలేదు.”

“మరి?”

“నీ కొడుకు తనంతట తనే మెట్లెక్కి ‘నాది కాదు’ అని చెప్పి వచ్చాడు. ఇప్పుడు నేను తీసుకెళ్లి వాడి నెత్తిన పెడితే, వాడి మాట ఏమవుతుంది?”

“ఆమె ఎదురుచూస్తోందిరా! కాదని ఎవడు చెప్తాడు ఆమెకి? నువ్వు చెప్తావా?”

“చెప్తా. రేపు నేనే వెళ్తా.”

చేరిన నాటి నుంచి ఇల్పో గారు మన బెంచి వెనక లేని ఆట ఒక్కటి కూడా లేదు. జ్వరంతో నిలబడ్డారు. సొంత అన్న అంత్యక్రియల నుంచి నేరుగా నల్ల కోటుతో వచ్చి నిలబడ్డారు. శనివారం సాయంత్రం సహాయకుడికి తాళాలిచ్చి, ఇంట్లోంచి ఇస్త్రీ చొక్కా తెప్పించుకుని ఆసుపత్రికి వెళ్లారు. తైస్తో వెళ్లలేకపోయాడు. రెండో ఐస్ బండి డ్రైవరు జ్వరంతో పడుకున్నాడు. ఆట విరామాల్లో ఐస్ సరిచేసేవాడు లేకపోతే ఆట లేదు.

ఆ గదిలో జరిగింది ఇల్పో గారు ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. మర్నాడు సిర్కాయే చెప్పింది.

అడుగుల చప్పుడు విని, “ఎవరది?” అంది.

“ఇల్పోని.”

“ఇవాళ ఆట లేదా?”

“ఉంది. నేనే లేను అక్కడ.”

ఆమె టీవీ వైపు తిరిగి అడిగింది: “ఆ బంగారం మనవాడేగా?”

అవునంటే సరిపోయేది. ఆ గదిలో కాదనేవాళ్లు లేరు. “కాదు, కిమ్మో,” అన్నారు ఇల్పో గారు. ఎందుకో కూడా ఉన్నదున్నట్టు చెప్పారు. కుర్రాడు సానగదికి రావడం, తాను మెట్ల వైపు పంపడం, అన్నీ చెప్పారు.

ఆమె అన్నీ విని, “మరి మనవాడేడి?” అంది.

ఇల్పో గారు టీవీ దగ్గరికి కుర్చీ లాక్కుని తెర మీద వేలు పెట్టారు. “ఇక్కడ.” సాంతెరి ఎటు పోతే వేలు అటు పోయింది. అతను బెంచికి వెళ్లి కూర్చుంటే వేలు తీసేసేవారు, దిగితే మళ్లీ పెట్టేవారు. తెల్లటి వెలుగు మీద ఆ చేతి నీడ సిర్కాకు కనిపించింది. ఆట అయ్యేదాకా ఆమె ఆ నీడ వెంటే చూసింది.

“పడ్డాడు,” అన్నారు ఒకసారి.

“లేచాడా?”

“లేచాడు.”

“తిడుతున్నాడా?”

“బాగా తిడుతున్నాడు.”

“అయితే మనవాడే,” అంది సిర్కా.

ఆ ఆట ఓడిపోయాం. సాంతెరి గోలు చేయలేదు. ఆదివారం తైస్తో వెళ్లేసరికి నర్సు తెర తుడుస్తూ, అద్దమంతా ఇలా ఎవరు పులిమారని గొణుగుతోంది. తైస్తో మంచం పక్కన కూర్చుని ఇల్పోను తిట్టడం మొదలుపెట్టాడు.

“ఊరుకో,” అంది సిర్కా. “హెల్మెట్ ఉంటే హెల్మెట్‌ని చూసేదాన్ని. నిన్న వాణ్ణి చూశాను.”

మార్చిలో ఆమె పోయింది. మరుసటి శరదృతువులో హెల్మెట్ మళ్లీ సాంతెరి కొక్కేనికి వేలాడింది. ఆ ఏడాదంతా అక్కడే ఉంది. దాన్ని చూసి ఒక్క మాట అన్నవాడు ఈ లీగ్‌లో లేడు. అవతలి జట్ల సామగ్రి బాధ్యులు ఆటకు ముందు కుర్రాడి భుజం తట్టి వెళ్లేవారు. కారణం వాళ్లకు ఇల్పో గారు చెప్పి ఉండరు. స్కోరర్ల గది మాట స్కోరర్ల గదిలో ఆగదు. కొడుకు తల మీద అది ఉండగా ఐస్ బండి నడిపిన రోజుల్లో తైస్తో నిటారుగా కూర్చునే నడిపాడు. ఆ సంగతి దాచవలసిన పని లేదు.

2017లో మన జట్టు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. రజత పతకం మెడలో వేసుకునే ఇల్పో గారు సానగదిలో పనికి దిగారు. అది యంత్రానికి తగిలి టంగుమంటుంటే ఆటగాళ్లు, “బాబాయ్, తీసి పని చెయ్యి, చెవులు పోతున్నాయి,” అని గోల చేశారు. తీయలేదు. వారి చేతి కింద పని నేర్చుకున్న ముగ్గురు నేడు ఈ లీగ్‌లోనే మూడు జట్లకు సామగ్రి బాధ్యులు. తైస్తో నడిపే ఐస్ మీద ఆడిన ఏ ఆటగాడూ ఇల్పో గారు సాన పట్టిన స్కేటుకు వంక పెట్టలేదు. ఓడినప్పుడు ఐస్‌ను మాత్రం అందరూ తిట్టారు.

ఈ ఏప్రిల్‌తో వారి ఉద్యోగం ముగుస్తోంది. చిన్న ఊరు పెద్ద లీగ్‌లో తలెత్తుకుని నిలబడిందంటే గోల్స్ చేసినవారితో పాటు ఇల్పో గారి వంటివారూ అందుకు కారణం. కోర్పిసాల్మి క్లబ్బు ఈ విషయం ఇప్పుడు చెబుతోంది. ముందే చెప్పవలసింది.

ఇల్పో గారూ, వారి శ్రీమతి రైజా గారూ సరస్సు ఒడ్డున కట్టుకున్న చెక్క ఇంట్లో నిండు ఆరోగ్యంతో నూరేళ్లు ఉండాలి. బెంచి వెనక నిలబడి నిలబడి అరిగిన ఆ మోకాళ్లకు సౌనా ఆవిరి గది వేడి మేలు చేయాలి. వలలో చేపలు పడాలి. శనివారాల్లో ఆట చూడటానికి కళ్లు చివరిదాకా బాగుండాలి.

సౌనాకు పిలిస్తే తైస్తో వస్తాడు. ఇన్నేళ్లలో పిలిచిన ఏ ఒక్కసారీ వెళ్లలేదు, ఇప్పుడు వస్తాడు. కాకపోతే ఒక షరతు. ఆ శనివారం హెల్మెట్ సాంతెరి తల మీద ఉండవలసింది. అందులో మార్పేమీ లేదు. అయినా దాని ఊసు అక్కడ రాకూడదు. ఇల్పో గారు ఎత్తకూడదు, రైజా గారు ఎత్తకూడదు. తైస్తో ఇక్కడ ఎత్తిందే ఆఖరు. ఇక బతికినన్నాళ్లూ ఎత్తడు.