తగలని కాలు

ఫుట్‌బాల్ సెమీఫైనల్ ముగిసి గంటయింది. రెడ్ కార్డుతో మధ్యలోనే బయటికి వచ్చేసిన డిఫెండరు బట్టలు మార్చుకునే గదిలో ఒక్కడే కూర్చుని బూట్ల లేసులు విప్పుతున్నాడు. అతను తన్నాడంటూ మైదానంలో విలవిల్లాడిన ఎదుటి జట్టు ఫార్వర్డు తలుపు దగ్గర నిలబడ్డాడు.

“అన్నా, నీ కాలు నాకు తగల్లేదు.”

“తెలుసురా. నా కాలేగా.”

“పెనాల్టీ ఇస్తే చాలనుకున్నా. రిఫరీ నిన్ను బయటికి పంపేస్తాడనుకోలేదు.”

“నేను ఎడమవైపు నుంచి వస్తే నువ్వు కుడి మోకాలు పట్టుకుని దొర్లావు. పడేవాడివి, కాస్త చూసుకుని పడొద్దూ?”

“ఇంతా చేసి మేం ఓడిపోయాం. ఫైనల్ ఆడేది మీరే.”

“మావాళ్లు ఆడతారు. రెడ్ కార్డు పడ్డవాణ్ని తర్వాతి మ్యాచ్ ఆడనివ్వరుగా, నేను పైన కుర్చీలో కూర్చుని చూస్తా. అదే నా ఆఖరి మ్యాచ్ అని ఊరంతా చెప్పుకున్నాను.”

“నటించానని క్రమశిక్షణ కమిటీకి రాసిచ్చేస్తా.”

“రాసినా ఆ కార్డు వెనక్కి తీసుకోరు. పైగా నిన్నూ ఆడనివ్వరు.”

“మరి నన్నేం చెయ్యమంటావన్నా?”

“మా పాపకి ఫోన్ చెయ్యి. టీవీలో చూసింది. నేను తన్నలేదమ్మా అంటే నమ్మట్లేదు.”

“నీ మాట కూడానా?”

“మా క్లబ్బులో ఆడిన మూడేళ్లూ మా ఇంట్లోనే తిన్నావు, దాన్ని భుజాల మీద మోశావు. ‘బాబాయ్ ఊరికే ఏడవడు నాన్నా, ఎందుకు తన్నావు?’ అంటోంది.”